ట్రిప్ మీటరు, బంకు రసీదు, మధ్యలో మాయమైన లీటరు

డాష్‌బోర్డు చూపే మైలేజీకీ బంకు రసీదుతో నేను కట్టే మైలేజీకీ తేడా ఎందుకొస్తోందో ఈ ట్యాంకుతో తేలిపోతుందని గట్టిగా నమ్మాను. తేలకపోగా ఇంకాస్త చిక్కుపడింది. సున్నా చేసినప్పటి నుంచి నడిచిన దూరాన్ని చూపే ట్రిప్ మీటర్లు నా కారులో ఏ, బీ అని రెండున్నాయి. ట్రిప్ ఏ 512.4 కిలోమీటర్లు చూపిస్తుండగా ఫుల్ ట్యాంకు చేయిస్తే 31.86 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 16.08 కిలోమీటర్లు. డాష్‌బోర్డు మాత్రం అదే దూరానికి 17.3 చూపించి ఊరుకుంది. తేడా ఏడున్నర శాతం పైమాటే. దీనికి ముందటి ట్యాంకులో 468.9 కిలోమీటర్లకు 27.10 లీటర్లు పట్టి 17.30 వచ్చింది, డాష్‌బోర్డు చూపినది 17.4, అంటే ఇద్దరూ దాదాపు ఒకే మాట మీద ఉన్నారు. అంతకు ముందు ట్యాంకులో 540.2 కిలోమీటర్లు, 32.40 లీటర్లు, లెక్క ప్రకారం 16.67, డాష్‌బోర్డు ప్రకారం 17.5, తేడా ఐదు శాతం. తేడా ఉన్నందుకు నాకు చింత లేదు, ఎప్పుడూ ఐదు శాతమే ఉంటే దాన్ని తీసేసి చదువుకోవచ్చు. ఒకసారి అర శాతమూ ఒకసారి ఏడున్నర శాతమూ కావడమే నాకు మింగుడు పడటం లేదు.

పెట్రోలు పోయించగానే ట్రిప్ ఏ దానంతటదే సున్నా అయ్యే సెట్టింగును తీసేశాను, ఆ పేచీ తీరింది. ఇప్పుడు ట్యాంకు నిండాక, ఇంజను స్టార్టు చేయక ముందే, బటను నొక్కి పట్టుకుని అంకెలు 0.0కు వచ్చేదాకా చూసి వదులుతున్నాను. అప్పటివరకూ ఉన్న సగటు మైలేజీ కూడా నా కారులో ఆ బటనుతోనే చెరిగిపోతుంది కాబట్టి, రెండు అంకెలనూ ముందు రసీదు వెనుక రాసుకుంటున్నాను.

మొదటి అనుమానం సహజంగానే ట్రిప్ మీటరు మీదకే వెళ్లింది. ఇది దూరాన్ని నేరుగా కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో పల్సుల రూపంలో లెక్కపెట్టి, ఒక్కో చుట్టుకు ఇంత దూరమని కంపెనీవారు ముందే పెట్టిన విలువతో గుణిస్తుంది. టైరు అరిగేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపుతుంది. నావి 185/65 ఆర్ 15 టైర్లు. కొత్తగా ఉన్నప్పుడు వాటి వ్యాసం లెక్క ప్రకారం 621.5 మిల్లీమీటర్లు. కొత్త టైరుకు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, నా టైర్లలో ఇప్పుడు 4 మిగిలింది. అంటే వ్యాసం 613.5కు దిగి, చుట్టుకొలత 1.3 శాతం తగ్గి ఉండాలి.

దీన్ని రోడ్డు మీద సరిచూశాను. తిన్నగా సాగే హైవే మీద ఒక కిలోమీటరు రాయి పక్కనే కారు ఆపి, ఎడమవైపు అద్దం అంచు సరిగ్గా రాయికి ఎదురుగా వచ్చేలా చూసుకుని ట్రిప్ బీని సున్నా చేశాను. యాభయ్యో కిలోమీటరు రాయి దగ్గర అదే అద్దం అంచును రాయికి తెచ్చి రీడింగు చూస్తే 50.7 ఉంది. దూరం ఎక్కువ పెట్టుకోవడానికి కారణముంది. మీటరు చూపే చిన్న అంకె 0.1 కిలోమీటరు, ఒక్క కిలోమీటరు మీద పరీక్షిస్తే ఆ ఒక్క అంకే పది శాతం అవుతుంది, యాభై మీద 0.2 శాతానికి మించదు. వచ్చిన తేడా 1.4 శాతం, టైరు అరుగుదల చెప్పిన 1.3కు పక్కనే ఉంది. ఫోనులోని జీపీఎస్ అదే దారిని 50.1గా చూపింది. తిన్నటి దారి కాబట్టి సరిపోయింది గానీ, మలుపులున్న ఘాట్ రోడ్డులో జీపీఎస్ ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు అడ్డదారిన లెక్కవేసి దూరాన్ని తగ్గిస్తుంది, అందువల్ల అక్కడ నేను దాన్ని నమ్మను. టైరులో గాలి తగ్గితే ట్రిప్ తప్పుతుందని చాలామంది అంటారు. టైరు లోపలి ఉక్కు తీగల పట్టీ పొడవు గాలితో పెద్దగా మారదు కాబట్టి ఆ ప్రభావం స్వల్పమే. గాలి తక్కువైతే దెబ్బ తగిలేది పెట్రోలు ఖర్చుకు.

స్పీడోమీటరు ఎక్కువ చూపుతోంది కాబట్టి ట్రిప్ కూడా అంతే ఎక్కువ చూపుతుందనే వాదన మరొకటుంది. నేను దీన్ని ఒప్పుకోను. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదనీ, ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పది శాతమూ దానిపై గంటకు నాలుగు కిలోమీటర్ల వరకూ వెసులుబాటు ఉందనీ ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన చెబుతుంది. అందుకని తయారీదారులు ముల్లును కావాలనే కాస్త ముందుకు జరుపుతారు. అదే యాభై కిలోమీటర్ల పరుగులో జీపీఎస్ గంటకు 100 చూపినప్పుడు నా ముల్లు 104 దగ్గర ఉంది, ట్రిప్ తేడా మాత్రం 1.4 దాటలేదు. రెండింటికీ పల్సులు ఒకటే అయినా, ముల్లుకు కలిపిన అదనం ట్రిప్‌కు కలపలేదన్నమాట.

ఇంత కష్టపడి దూరాన్ని సరిచేసుకున్నాక తేలినదేమిటంటే, నా సమస్యకూ దీనికీ సంబంధమే లేదు. బంకు లెక్కలోనూ డాష్‌బోర్డు లెక్కలోనూ పైన ఉండే దూరం ఒకే మీటరు ఇచ్చినది. అది 1.4 శాతం ఎక్కువ చూపితే రెండు మైలేజీలూ కలిసి పెరుగుతాయి, మధ్యనున్న తేడా ఉన్నచోటనే ఉంటుంది. దూరంలో దోషం ఉంది, కానీ గొడవంతా కింద ఉండే లీటర్లది.

అందుకని లెక్కను తిరగేసి, తాను ఎంత పెట్రోలు కాల్చానని కారు అనుకుంటోందో చూశాను. ఈ ట్యాంకులో 512.4ను 17.3తో భాగిస్తే 29.62 లీటర్లు. బంకు పోసినది 31.86. రెండు లీటర్లకు పైగా పెట్రోలు కారు లెక్కలోకే రాలేదు. సిగ్నళ్ల దగ్గర ఇంజను నడుస్తూ ఉన్నప్పటి ఖర్చును కారు వదిలేస్తోందేమో అనుకున్నాను, అప్పుడు దూరం పెరగదు కదా. సుమారు 200 కిలోమీటర్ల రీడింగు మీద, సగటు 17.4 ఉండగా, కారును నిలిపి ఇంజనును పది నిమిషాలు అలాగే నడవనిచ్చాను. సగటు 17.2కు దిగింది. గంటకు 0.8 లీటరు చొప్పున పది నిమిషాలకు అయ్యే ఖర్చుతో లెక్కకడితే రావలసినది కూడా సరిగ్గా అంతే. కాబట్టి ఆ అనుమానమూ పోయింది.

ఇక మిగిలినది నాజిల్. దాని మూతి దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు ఆ రంధ్రాన్ని మూసేంత ఎత్తుకు రాగానే లోపల గాలి పీడనం మారి, టక్కున ఆగిపోతుంది. అంటే అది ఆగేది ట్యాంకు నిండినప్పుడు కాదు, మూతి తడిసినప్పుడు. వేగంగా పోస్తే నురగ లేచి ముందే ఆగవచ్చు, నాజిల్‌ను కొంచెం పైకి లాగి పట్టుకుంటే ఆలస్యంగా ఆగవచ్చు. నేల వాలుగా ఉండి, పెట్రోలు మూత ఉన్నవైపు పల్లమైతే, వాల్చిన పళ్లెంలో నీళ్లలా పెట్రోలు అటే చేరి నాజిల్‌ను ముందే ముంచుతుంది, అవతలి మూల ఖాళీగా ఉండిపోతుంది. ఇది ఎంత తేడా తెస్తుందో ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను. పైమట్టం దగ్గర ట్యాంకు వైశాల్యం అర చదరపు మీటరు అనుకుంటే, మట్టంలో 2 మిల్లీమీటర్ల తేడా ఒక లీటరుకు సమానం. రెండు మిల్లీమీటర్లంటే గోరు మందానికి మూడు నాలుగు రెట్లు, అంతే.

ఈ కారణం చేతనే ఈసారి అన్నీ కట్టుదిట్టం చేశాను. ఎప్పుడూ వెళ్లే బంకు, అదే పంపు, కారు ముఖం అదే వైపు, నాజిల్ పూర్తిగా లోపలికి, అన్నిటికన్నా నెమ్మది వేగం, మొదటి టక్కుకే ఆపడం. రసీదు అంకె గుండ్రంగా రావాలని ఇంకో అర లీటరు పోసే అలవాటు నాకు నచ్చదు. పైగా ఎక్కువైన పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి చేరితే అది పాడవుతుంది. ఇన్ని జాగ్రత్తల తరువాత వచ్చిన ఫలితమే ఆ ఏడున్నర శాతం. అప్పటివరకూ చూడనంత పెద్ద తేడా, అప్పటివరకూ చేయనంత జాగ్రత్తకు.

రెండు రోజులు ఈ అంకెలను అటూ ఇటూ తిప్పాక ఒక దారి కనబడింది. ఈ మూడు ట్యాంకులనూ కలిపితే 1521.5 కిలోమీటర్లు, 91.36 లీటర్లు, లీటరుకు 16.65. కారు అనుకుంటున్న లీటర్లు కలిపితే 87.43, లీటరుకు 17.40. మొత్తం మీద తేడా నాలుగున్నర శాతం. ఇప్పుడు కారు లెక్కకు ఒక్కో ట్యాంకులో నాలుగున్నర శాతం కలిపి, బంకు పోసిన దానితో పోల్చాను. అన్నిటికన్నా పాతదైన మొదటి ట్యాంకులో బంకు లెక్క 0.14 లీటరు ఎక్కువ. రెండవ దానిలో 1.06 లీటర్లు తక్కువ. మూడవ దానిలో 0.91 లీటరు ఎక్కువ. రెండవసారి ట్యాంకు నిండకుండానే నాజిల్ ఆగిపోయింది, ఆ వెలితిని మూడవసారి జాగ్రత్తగా పోసినప్పుడు ట్యాంకు పూడ్చుకుంది. ట్యాంకు కొలతకు రెండు కొసలుంటాయి. నేను కట్టుదిట్టం చేసినది చివరి కొసను, మొదటిది అప్పటికే వెలితిగా ఉంది. ముందటి ట్యాంకులో అంత ముచ్చటగా కుదిరిన 17.30 కూడా ఆ వెలితి పుణ్యమే. ఆ రోజు వేరే పంపు దగ్గర, మూత ఉన్నవైపు పల్లంగా నిలిపిన గుర్తు ఉంది గనుక, వాలు మీదే నా అనుమానం.

ఊగిసలాటకు జవాబు దొరికినట్టే. నిలకడగా మిగిలిన ఆ నాలుగున్నర శాతం మాత్రం ఇంకా కొరుకుడు పడలేదు. బంకు పంపుల కచ్చితత్వానికి అంతర్జాతీయంగా పాటించే హద్దు అర శాతం. కాబట్టి దాన్ని పంపు మీదకు నెట్టలేను. పెట్రోలు డిగ్రీకి సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది, పది డిగ్రీలకు ఒక శాతం, అదీ చాలదు. నా ఊహ ఇథనాల్ మీదకు పోతోంది. స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండటానికి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 14.1 చాలు. అంటే అదే గాలికి నాలుగు శాతం ఎక్కువ ఇంధనం పడుతుంది. కారు తన ఖర్చును లోపలికి వచ్చే గాలిని బట్టి 14.7తో భాగించి లెక్కవేస్తూ ఉంటే, సరిగ్గా ఆ నాలుగు శాతమే దాని కంట పడకుండా పోవాలి. ఇంజెక్టర్లు తెరుచుకున్న సమయాన్ని బట్టి లెక్కవేస్తూ ఉంటే ఈ ఊహ నిలవదు. నా కారు ఏది చేస్తుందో దాని పుస్తకంలో ఎక్కడా లేదు.

దీన్ని తేల్చడానికి కారు కంప్యూటరులోని అంకెలను చదివే ఈఎల్ఎమ్ 327 రకం ఓబీడీ రీడరు పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడాలనుకుంటున్నాను, అంటే ముందే పెట్టిన లెక్క కన్నా ఇంజను ఎంత శాతం ఎక్కువ ఇంధనం పోసుకుంటోందో చెప్పే అంకె. అది నిలకడగా నాలుగు శాతం అటూఇటూగా ఉంటే ఊహకు బలం వస్తుంది. పేరు లేని చవక నకళ్లు మధ్యలో డేటాను వదిలేస్తాయి కాబట్టి కొంచెం మంచిదే వెతుకుతున్నాను. ఇథనాల్ కలపని పెట్రోలు దొరికితే వరసగా కొన్ని ట్యాంకులు దానితోనే నడిపి, తేడా తగ్గుతుందో లేదో చూడటం ఇంకా తిన్నటి పరీక్ష.

లెక్క రాయడానికి ఫ్యూయలియో యాప్ బాగానే ఉంది, ఫుల్ ట్యాంకు కానిదాన్ని విడిగా గుర్తుపెట్టే వీలున్నందువల్ల. అయినా ఒక్కో ట్యాంకు మైలేజీల సగటు కాకుండా మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించినదే నాకు కావాలి. వంద కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, మరో వంద 20 చొప్పున నడిస్తే అసలు మైలేజీ 15 కాదు, 13.3. అందుకని ట్రిప్ బీని ఇకపై సున్నా చేయను. నా కారులో అది 9999.9 దాకా పోతుంది, 999.9 దగ్గరే తిరిగిపోయే మీటర్లతో ఈ పని కుదరదు. కిలోమీటరు రాళ్ల పరీక్షకు కూడా సున్నా చేయనక్కరలేదు, మొదటి రీడింగు రాసుకుని తీసివేస్తే సరిపోతుంది. బ్యాటరీ తీస్తే కొన్ని కార్లలో ట్రిప్ చెరిగిపోతుంది కాబట్టి పోయించిన ప్రతిసారీ ఓడోమీటరు అంకెను కూడా పక్కన వేస్తున్నాను.

టైర్లు మార్చే సమయం దగ్గర పడింది. కొత్తవి వేశాక అదే యాభై కిలోమీటర్ల మీద ట్రిప్ 50.0 గానీ 50.1 గానీ చూపాలి. మైలేజీ అంకె ఆ రోజు నుంచి 1.3 శాతం పడిపోయినట్టు కనబడుతుంది, కారులో ఏమీ మారకపోయినా. కాబట్టి పాత టైర్ల ఖాతాను 1.014తో భాగించి ముందే వేరు చేసి పెట్టుకోవాలి. ర్యాలీలవాళ్లు వాడే టెర్రాట్రిప్, బ్రాంట్జ్ మీటర్లలో ఈ బాధ లేదు, కొలిచిన దూరం మీద నడిపి ఆ విలువను మనమే పెట్టుకోవచ్చు. మామూలు కారులో ఆ ఒక్క సౌకర్యం ఎందుకివ్వరో నాకు అర్థం కాదు. రీడరు చేతికి రాగానే ముందుగా ఫ్యూయల్ ట్రిమ్, ఆ తరువాత టైర్లు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్లనో మళ్లీ తెలియకుండా పోతుంది.