నెట్ ఇంగ్లిష్: తొలినాళ్ల సినిమా, మోడర్నిజం పాఠం నేను చదివిన తీరు

ఇంగ్లిష్ నెట్‌కు (అధ్యాపక అర్హత పరీక్ష) సిద్ధమవుతున్న మిత్రులకు,

ఈ అంశం దగ్గర చేతులు మారే నోట్స్‌లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: చైతన్య స్రవంతి శిల్పం (పాత్ర మనసులో ఆలోచనల ప్రవాహాన్ని యథాతథంగా రాసే పద్ధతి) సినిమా వల్లే పుట్టిందని. నాకది మింగుడుపడలేదు. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి బొమ్మ ఆడించింది 1895 డిసెంబరు 28న. ఎడ్వార్ దుజార్దాఁ అంతరంగ స్వగతంతో నవల రాసింది 1887లో. ‘చైతన్య స్రవంతి’ అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చిన విలియం జేమ్స్ మనస్తత్వశాస్త్ర గ్రంథం 1890 నాటిది. తేదీలు వరసగా పెట్టుకుంటే ఆ వాక్యం నిలవదు.

సినిమా ఇచ్చింది వేరే: కోత, అతుకు. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’ పదో అధ్యాయం తెరవండి. డబ్లిన్ వీధుల్లో ఒకే మధ్యాహ్నం, పంతొమ్మిది ముక్కలు. రెండో ముక్కలో కెలెహర్ అనే పాత్ర గుమ్మానికి ఆనుకుని నమిలిన గడ్డిరసం ఉమ్ముతుంటాడు. అదే వాక్యంలో ఎక్కడో ఎక్లిస్ స్ట్రీట్ కిటికీలోంచి ఒక తెల్లని చెయ్యి నాణెం విసురుతుంది. ఎవరికో మూడో ముక్కలో గానీ తెలియదు: కుంటుతూ పాడుకుంటూ వచ్చిన ఒంటికాలి నావికుడికి. ఈ రెండు ముక్కలూ చదివినవారికి మాంటాజ్ (వేర్వేరు దృశ్యాలను పక్కపక్కన అతికి అర్థం పుట్టించడం) నిర్వచనం బట్టీ పట్టే పని ఉండదు.

నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1926లో సినిమాపై రాసిన వ్యాసం చిన్నది, పూర్తిగా చదవండి. ‘డాక్టర్ కాలిగారి’ అనే మూకీ సినిమా చూస్తుండగా తెర మూలన తోకకప్ప ఆకారంలో ఒక నీడ కదిలిందట. అది కథలో భాగం కాదు, యాదృచ్ఛికం. అయినా భయాన్ని మాటలకంటే బాగా చూపిందంటుంది. టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరెనినా’ను తెరకెక్కించినవారికి మాత్రం గట్టిగానే తలంటింది.

‘క్లోజప్’ సినిమా పత్రిక (1927–33), అందులో రచయిత్రులు హెచ్.డి., బ్రయర్‌ల రాతలు, డొరోతీ రిచర్డ్‌సన్ శీర్షిక. అమెరికన్ నవలాకారుడు డాస్ పాసోస్ నవలల్లోని ‘కెమెరా ఐ’, ‘న్యూస్‌రీల్’ భాగాలు: వీటిని జతపరచే ప్రశ్నల కోసం గుర్తుంచుకుంటే సరిపోతుంది. సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1944 వ్యాసాన్ని మాత్రం వదలవద్దు. అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ సినిమాకు మూలాలు డికెన్స్ నవలల్లో ఉన్నాయన్నది అతని వాదన. అంటే అప్పు రెండువైపులా ఉంది.

అసర్షన్-రీజన్ ప్రశ్నల్లో (ఒక వాక్యం, దానికి చెప్పిన కారణం సరైనదా అని తేల్చేవి) ఈ జాగ్రత్త పనికొస్తుంది. జాయిస్ 1909 డిసెంబరులో డబ్లిన్‌లో వోల్టా అనే సినిమా హాలు తెరిచాడు, నిజం. ‘యులిసిస్’లో మాంటాజ్‌ను తలపించే కోతలున్నాయి, అదీ నిజం. మొదటిది రెండోదానికి కారణమని రాసి ఉంటే వెంటనే టిక్కు పెట్టకండి. ఆ హాలు కొద్ది నెలలకే చేతులు మారింది.