టైల్స్ పనీ, నా కుడి మోకాలూ

మా టైల్స్ మేస్త్రీల్లో మోకాలు వాయడం జబ్బు కింద లెక్క కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాళ్ళ మీదే జరుగుతూ, రబ్బరు సుత్తితో కొట్టుకుంటూ, లెవెల్ చూసుకుంటూ చేసే పని. కింద వేసుకునేది మడిచిన సిమెంటు సంచి. తడి సిమెంటు ప్యాంటులోంచి దిగి చర్మాన్ని తినేస్తుంది, పగుళ్ళు పడతాయి. రాత్రికో డైక్లోఫెనాక్ నొప్పి బిళ్ళ వేసుకుంటాం, పొద్దున్నే మళ్ళీ పని.

పోయిన వేసవిలో విశాఖ మధురవాడలో ఒక ఇంటి పని. నా కుడి మోకాలి చిప్ప మీద కోడిగుడ్డంత వాపు తేలింది. "గృహప్రవేశం దగ్గర పడింది, అది అయ్యాక చూపించుకో" అన్నాడు కాంట్రాక్టరు. వీధి చివరి ఆర్‌ఎంపీ వాపులోకే సూది దించి నీళ్ళు లాగాడు. చేతులు కడుక్కోవడం నేనైతే చూడలేదు.

మర్నాడు రాత్రి చలి మొదలైంది. మే నెలలో రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకున్నాయి. మోకాలు ఎర్రగా కాలిపోతోంది, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. మా తమ్ముడు ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డ్యూటీ డాక్టరు ఫోన్లోంచి తలెత్తకుండానే "చీము కీలులోకి దిగితే కాలు తీసెయ్యాలి. డబ్బు కట్టగలరా?" అన్నాడు. మా ఆవిడ అక్కడే కూలబడిపోయింది. ఒంటి కాలితో ఏం పని చేయొచ్చా అని ఆలోచిస్తే వాచ్‌మన్ ఉద్యోగం తప్ప నాకేమీ తోచలేదు. ఆ ఆసుపత్రిలో టైల్స్ కూడా ఎగుడుదిగుడుగానే వేశారు. అంత నొప్పిలోనూ నా కంటికి అది ఆనింది. ఆ డాక్టరు మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తెల్లారేసరికి విశాఖలోని పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో ఉన్నాం. చీము తీసి పరీక్షకు పంపారు, ఎక్స్‌రే తీశారు, సెలైన్ పెట్టారు. మా అమ్మాయి ఈడున్న డాక్టరమ్మ మోకాలు మెల్లగా వంచి చూసి, "చీము చిప్పకీ చర్మానికీ మధ్య ఉండే సంచిలోనే ఉంది బాబాయ్. కీలులోకి దిగలేదు, కాలుకేం కాదు" అంది. ఆ సంచిని బర్సా అంటారట. పగుళ్ళలోంచో, ఆ సూదిలోంచో క్రిములు పోయుంటాయంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

మెట్లెక్కి సింహాద్రి అప్పన్నను చూస్తానని మా ఆవిడ నా తరఫున మొక్కేసింది. డాక్టరమ్మేమో మెట్లు వద్దంది. చివరికి ఆవిడ మెట్ల మీద, నేను ఆర్టీసీ బస్సులో కొండెక్కాం. స్వామి ఏమీ అనుకోడు.

ఇప్పుడు మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని, మధ్యమధ్య లేచి నడుస్తూ పని చేస్తున్నాను. ప్యాంటు తడిస్తే వెంటనే మార్చి, కాళ్ళు కడుక్కుంటున్నాను. కుర్రాళ్ళకు చెప్పేదొకటే: వాపులోకి ఎవరు పడితే వాళ్ళు సూది గుచ్చుతామంటే ఒప్పుకోకండి. వాపుకి జ్వరం తోడైతే ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి. కటింగ్ బ్లేడు కొనిచ్చే కాంట్రాక్టరుని ప్యాడ్లు కూడా కొనిమ్మని అడగండి.

మా కాంట్రాక్టరుని అడిగాను, నవ్వాడు. మధురవాడ పని డబ్బులు కూడా ఇంకా రావాలి. గోడల అడుగున వేసే టైల్స్ పట్టీ, స్కర్టింగ్, మిగిలిపోయిందిగా అంటాడు.