తెల్లారుజాము మూడింటి నొప్పి

మొన్న నైట్ డ్యూటీలో మా చార్జ్ నర్స్ అన్న మాట ఇంకా మింగుడు పడట్లేదు. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన తెల్లారుజామున మూడింటికి బెల్ కొట్టి, పదికి ఎనిమిది నొప్పన్నాడు. సాయంత్రం నాలుగే అన్నాడు గదా, మాత్రలు కూడా టైముకే పడినాయి, కాస్త ఓర్చుకుంటే తెల్లారిపోద్దిలే అనుకొని దిండు సర్ది వచ్చేశా. ఆవిడ చార్ట్ చూసి, గట్టిగా కూడా కాదు, "ఎంతుందని అడిగావు, ఆయన చెప్పాడు, మరి నువ్వేం చేశావు?" అనింది. డాక్టరు ఆర్డర్‌లో ఉన్న మార్ఫిన్, అదే గట్టి నొప్పి మందు, తనే దగ్గరుండి ఇప్పించింది.

ముందు కోపమొచ్చింది. నెల్లూరులో నేను చేసిన వార్డులో రాత్రికి ఇద్దరం ఉంటే గొప్ప, "ఓర్చుకో పెద్దాయనా" అనడం తప్ప చేతిలో ఏముండేది? పైగా ప్రతి మంచం పక్కన చాపేసుకొని కూతురో కోడలో ఉండేది, కాళ్ళు పిసికేది, ఫ్లాస్కులో కాఫీ పోసేది. ఇక్కడ ఇంగ్లాండులో ఈయనకి ఉండేది ఒక బెల్లు, అది కొడితే వచ్చే నేను.

డ్యూటీ దిగినాక నిద్ర పట్టక చదువుతా కూర్చున్నా. ఫ్రాన్సులో లియోన్ ఊరి పరిశోధకులు 12 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళని 34 గంటలు నిద్రపోనీకుండా మసక వెలుతురులో మంచం మీదే ఉంచి, ఒంటికి వేడి తగిలించి చూశారంట, 2022లో అచ్చయింది. అదే వేడి మధ్యాహ్నం మూడింటికి తక్కువ నొప్పి, తెల్లారుజామున మూడింటికి అన్నిటికంటే జాస్తి. నిద్ర లేనందువల్ల కొంతేనంట, ఎక్కువ భాగం ఒంట్లో ఉండే గడియారానిదే. ఆ గడియారాన్ని మత్తుమందు కూడా కదిలిస్తుంది. న్యూజిలాండ్‌లో 2012లో తేనెటీగలకి పగటిపూట ఆరు గంటలు మత్తిస్తే, లేచినాక వాటి టైము మూడు గంటల పైనే వెనకబడి, సూర్యుణ్ణి బట్టి వెళ్ళే దారి తప్పినాయంట. అది చదివినప్పుడు, పెద్దాయన లేస్తానే "ఇప్పుడు పగలా రాత్రా" అని అడగడం గుర్తొచ్చింది.

ఆయనది వేడి తగిలిన చర్మం కాదు, కోసిన మోకాలు, నిజమే. నరానికిచ్చిన మత్తు దిగే టైము కూడా అదే అయ్యుండొచ్చు. అయినా ఆ ఎనిమిది ఎనిమిదే గదా, నాలుగని నేనెట్టా రాసుకున్నాను మనసులో?

నేను నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉండగా అమ్మకి గర్భసంచి తీశారు. రెండో రాత్రి ఇదే టైముకి ఏడ్చింది. "మధ్యాహ్నం బానే ఉన్నావు గదమ్మా" అన్నాను, కాళ్ళు పిసుకుతానే అన్నాను. నిన్న కావలికి ఫోన్ చేసి, అమ్మా, నీకు అప్పుడు నిజంగానే జాస్తిగా ఉండుంటుంది అని చెప్పా. కాసేపు మాట్లాళ్ళేదు.

"నాకు తెలుసమ్మే. నువ్వు నా మొహం చూళ్ళేదు ఆ రాత్రి, గోడ గడియారం చూశావు" అనింది.