బుధవారం, ఐదున్నర, హాస్టల్ వెనక కోర్టు

ల్యాబ్ నాలుగున్నరకి వదిలారు. వాలీబాల్ ఆడే మట్టి కోర్టు మీద నీళ్ళు మూడింటికే చల్లి ఉంచారు. ఆ వ్యవధి ఉండాలి. ఆట ముందు చల్లితే పైపొర జారుతుంది, అసలు చల్లకపోతే గెంతిన ప్రతిసారీ దుమ్ము. గీతలు ముగ్గుపిండితోనే వేశారు. సున్నమైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ, డైవ్ కొట్టినవాడి చర్మానికీ కంటికీ మంట.

నెట్ కొలిచే వెదురు కర్ర మీద రెండు గాట్లున్నాయి: 2.43 మీటర్ల దగ్గర మగపిల్లలకి, 2.24 దగ్గర ఆడపిల్లలకి. కొలవాల్సింది స్తంభం పక్కన కాదు, నట్టనడుమ. గంట ఆడేసరికి నైలాన్ తాడు సాగి నెట్ నడుము వంచేస్తుంది. నిన్న పొట్టివాళ్ళు కూడా షాట్లు దంచేశారంటే సగం గొప్ప ఆ తాడుదే.

బంతిలో గాలి ఎక్కువైంది. నియమం ప్రకారం చదరపు సెంటీమీటరుకి 0.30 నుంచి 0.325 కిలోలే ఉండాలి. మీటరు లేనిచోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తే చాలు, కాస్త లోపలికి దిగాలి. రాయిలా ఉంటే కొత్తవాడి ముంజేతులు మొదటిరోజే కందిపోతాయి, రెండోరోజు వాడు రాడు. గాలి తియ్యడానికైనా కొట్టడానికైనా సూదిని తడిపి గుచ్చాలి. పొడి సూది వాల్వు రబ్బరుని చీలుస్తుంది, ఇక ఆ బంతి రోజూ తెల్లారేసరికి మెత్తబడుతుంది.

వాలీబాల్ పుట్టిందే సరదాకి. 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో విలియం మోర్గాన్ దీన్ని తయారుచేసింది, బాస్కెట్‌బాల్ దూకుడు తట్టుకోలేని నడివయసు ఉద్యోగస్తుల కోసం. అప్పటి నెట్ ఎత్తు ఆరున్నర అడుగులే. కాలేజీ జట్టులో చోటు దొరకనివాడికి ఇంతకన్నా అనువైన ఆట లేదు: ఒక బంతి, ఒక నెట్, పన్నెండు మంది.

అయితే లాభమంతా రొటేషన్‌లో ఉంది. ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి సర్వీసు తెచ్చుకున్న ప్రతిసారీ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరగాలి. హాస్టళ్ళలో ముందు ఎగిరిపోయే నియమం ఇదే. పొడుగువాడు నెట్ దగ్గర పాతుకుపోతాడు, ఫస్టియర్ వాడు వెనక మూలన బంతులేరుకుంటాడు. ఈరోజు తిప్పి ఆడారు. సన్నగా ఉన్న ఫస్టియర్ కుర్రాడు, వరండాలో సీనియర్ ఎదురైతే గోడకి అంటుకుపోయేవాడు, "అన్నా నాది, వదులు!" అని అరిచాడు. ఫైనలియర్ వాడు వదిలాడు. బంతి మాత్రం వెనక్కి పోయింది, కుర్రాడు చేతులు ఊపాడు కాబట్టి. అండర్‌హ్యాండ్‌లో, అంటే ముంజేతులతో కింది నుంచి బంతి లేపడంలో, ఊపు చేతుల్ది కాదు, మోకాళ్ళది. మోచేతులు బిగించి, బంతి మణికట్టుకి కాస్త పైన తగిలేలా పట్టి, వంచిన మోకాళ్ళు లేపితే చాలు. నాలుగో బంతి సూటిగా లిఫ్టర్ (షాట్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాడు) చేతుల్లో పడింది.

బయట ఇంకో రెండు జట్లు. ఓడినవాళ్ళే దిగిపోవాలన్న పద్ధతి చెడ్డది. ఆట వచ్చినవాళ్ళు చీకటిపడేదాకా ఆడతారు, రానివాళ్ళకి పదిహేను పాయింట్లతో సరి. వరసగా రెండు గెలిస్తే గెలిచినవాళ్ళూ దిగాలని పెట్టుకున్నాక గొడవ తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యమంటుంది. నాలుగు సాయంత్రాలు ముప్పావుగంట చొప్పున ఆడితే 180. బయట కూర్చుని అరిచిందీ స్కోరు మీద దెబ్బలాడిందీ ఇందులోకి రావు.

ఆరుంబావుకి ఒకడికి వేలు మడతపడింది. బ్లాక్‌కి, అంటే ఎదుటివాడి షాట్ నెట్ మీదే అడ్డుకోడానికి, లేచినప్పుడు వేళ్ళు వదులుగా ఉంచితే అంతే. పక్కవాడు లాగబోయాడు, అందరూ చేసే తప్పు. లాగకూడదు. గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టి, పక్క వేలితో కలిపి టేపు వేశారు. వేలి కొస దానంతటది నిటారుగా నిలవకపోతే మాత్రం ఎక్స్‌రే తీయించాల్సిందే. ఇక చీలమండ బెణుకులు చాలావరకు నెట్ కింద ఎదుటివాడి పాదం మీద దిగడం వల్లే. నడిమి గీత చెరిగితే ఆట ఆపి మళ్ళీ వెయ్యాలి.

ఏడింటికి మెస్ గంట. తాడు వదులు చేసి, కర్ర వాచ్‌మన్ గదిలో పెట్టారు. రేపు మూడింటికి నీళ్ళు చల్లే వంతు సివిల్ వాళ్ళది.