తిరుచానూరులో పద్మాసన దర్శనం

కొండకు వెళ్లే ముందు తిరుచానూరు అమ్మవారిని దర్శించుకోవడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి కార్తీకంలో తిరుపతికి బయలుదేరినప్పుడు, ఎంతోకాలంగా బుద్ధ విగ్రహాల్లో చూస్తూ వచ్చిన పద్మాసనాన్ని నిత్యపూజలందుకునే మూర్తిలో శ్రద్ధగా చూడాలన్న కోరిక కూడా నాలో బలంగా ఉంది.

పద్మసరోవరంలో నీళ్లు తలమీద చల్లుకుని క్యూలో నిలబడ్డాం. ముందున్న పెద్దావిడ మనవడికి చెబుతోంది: "కొండమీద సామి నిలబడుకోనే ఉంటాడు నాయనా, ఈడ అమ్మ కుచ్చోని మన మాట వింటాది." శిల్పశాస్త్రం చదివిన వారు సైతం ఇంత సూటిగా చెప్పలేరని నాకనిపించింది.

గర్భగుడిలో పద్మావతీదేవి పద్మాసనంలో ఆసీనురాలై, పై రెండు చేతుల్లో పద్మాలు ధరించి, కింది చేతులతో భయం వద్దనే అభయ ముద్ర, వరాలిచ్చే వరద ముద్ర పట్టి ఉంటుంది. పట్టుచీర కుచ్చిళ్లూ పూలమాలలూ పాదాలను పూర్తిగా కప్పేసినా, రెండు పక్కలకూ విచ్చుకున్న మోకాళ్ల వెడల్పును బట్టి ఆ కూర్చున్న తీరు తెలుస్తూనే ఉంది. దర్శనం దొరికిన ఆ కాసేపూ నా చూపు అక్కడే నిలిచింది.

అమరావతి శిల్పులు తొలినాళ్లలో బుద్ధుణ్ణి ఖాళీ సింహాసనంగా, పాదముద్రలుగా, బోధివృక్షంగానే చూపారు. తరువాత ఆయన కూర్చున్న రూపం వచ్చినప్పుడు గాంధారంలో రెండు అరికాళ్లూ పైకి కనిపించేలా మలిస్తే, మన ఆంధ్రదేశంలోనూ సింహళంలోనూ ఎక్కువగా ఒక కాలిమీద మరొక కాలు ఆనించి, ఒక్క అరికాలే కనిపించేలా చెక్కారు. ఒడిలో ఒక అరచేతిపై మరొకటి ఉంచిన ధ్యానముద్ర దానికి తోడైతే, ఆ మూర్తి చూపు లోపలికి తిరిగినట్లే ఉంటుంది. అయితే జావాలోని బోరోబుదూరు స్తూపంలో మొదట నిలిపిన 504 బుద్ధమూర్తులూ కూర్చున్నవే అయినా, నాలుగు దిక్కుల వసారాల్లో చేతులు మారిపోతాయి: తూర్పున భూమిస్పర్శ, దక్షిణాన వరదం, పడమట ధ్యానం, ఉత్తరాన అభయం. అక్కడ దక్షిణానికీ ఉత్తరానికీ పంచిన రెండు ముద్రలనూ తిరుచానూరులో అమ్మవారు ఒక్కతే పట్టింది. అందుకే పద్మాసనాన్ని కేవలం లోకాన్ని మరచిన స్థితిగా చెప్పే మాటను నేను అంగీకరించలేను. కాళ్లు కదలని నిశ్చయాన్ని చెబితే, ఆ నిశ్చయం ఎవరికోసమో చేతులు చెబుతాయి.

ఆ తరువాత అలిపిరి మెట్లదారిన కొండెక్కి, శ్రీవారి దర్శనమయ్యాక, విమాన ప్రదక్షిణ మార్గంలో ఈశాన్యాన ఉన్న యోగనరసింహస్వామి ముందు చేతులు జోడించాం. యోగనరసింహ రూపంలో ముడిచిన మోకాళ్లు పైకి లేచి ఉంటాయి. వాటిని చుట్టి యోగపట్టం అనే పట్టీ బిగించి ఉంటుంది. పద్మాసనంలో ఎక్కడా కనిపించని శ్రమ ఇక్కడ ఆ పట్టం బిగువులో కనిపిస్తుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రమూర్తి శాంతించి కూర్చోవడానికి ఆ కట్టు అవసరమైందని మా అమ్మ అంటే, నేను ఔనన్నాను.