బెల్టు చివర మట్టి

ఆదివారం. పొద్దున్న ఆరుకే మెలకువ వచ్చేసింది. ఆఫీసుకైతే మూడు అలారాలు మోగాలి.

సెకండ్‌హ్యాండ్ ఫార్చ్యూనర్ కారు చూడ్డానికి ఇది నాలుగోసారి. పోయిన వారం చూసింది ఢిల్లీ బండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకి అక్కడ ఇబ్బంది కదా, ఆ వయసు దగ్గరపడ్డవి కొన్ని ఇటు బెంగళూరుకి వస్తాయి. రేటు వింటే నోరూరుతుంది. కానీ అక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, కేఏ నంబరు వేయించేసరికి ఆ చవక ఎటు పోయిందో తెలీదు.

ఇవాళ్టిది అలా కాదు. కేఏ 03, అంటే మన ఇందిరానగర్ నంబరు. 2021 మే నెల బండి, తెలుపు, ఆటోమేటిక్, తిరిగింది 41 వేలు, అడిగింది 29 లక్షలు. "సింగిల్ ఓనర్ సార్, డాక్టర్ గారి బండి" అన్నాడు అమ్మేవాడు. బెంగళూరులో ఇప్పటిదాకా నేను చూసిన బండ్లన్నీ డాక్టర్లవే. ఇంతమంది డాక్టర్లుండి మా వీధి క్లినిక్కులో టోకెన్ ఎందుకు దొరకదో.

మారతహళ్లిలో మెకానిక్ భాయ్‌ని ఎక్కించుకుని వెళ్లా. మదనపల్లె మనిషి, మాట తక్కువ. ముందు పెయింటు మందం కొలిచే మీటరు తీసి తలుపులు, బానెట్, డిక్కీ అన్నిటికీ ఆనించాడు. ఎక్కడ పెట్టినా 110, 120 మైక్రాన్లే. అంటే ఎక్కడా గుద్దలేదు, మళ్లీ రంగు వెయ్యలేదు. టైర్ల మీద తయారీ తేదీలూ బండి వయసుతో సరిపోయాయి. టెస్ట్ డ్రైవ్‌లో రింగ్ రోడ్డు ఎక్కాక ఆ ఎత్తు నుంచి కిందికి చూస్తే, పక్కన పోయే స్విఫ్టులు బొమ్మల్లా ఉన్నాయి. అందులో ఒకటి అచ్చం నాదే. నా మనసులో బండి కొనేశాను, పూజకి నిమ్మకాయలు కూడా తొక్కించేశాను.

తిరిగొచ్చాక భాయ్ వెనక్కి వెళ్లి మూడో వరుసలో కూర్చున్నాడు. సీటు బెల్టు లాగడం మొదలుపెట్టాడు. బారెడు లాగాడు, ఇంకా లాగాడు, ఇక రానని బిగుసుకునేదాకా లాగాడు. చివరి జానెడు రంగు వేరే. అడ్డంగా ఒక గీత, టీ కప్పులో మిగిలే మరకలాంటిది. గోటితో గీకి నా ముందు చెయ్యి చాపాడు. గోట్లో సన్నటి ఎర్రమట్టి.

"ముందు సీట్ల బెల్టులు కొత్తవి వేశారన్నా. దీన్ని మర్చిపోయినారు" అన్నాడు మెల్లగా.

సీటు కింద బోల్టులకి తుప్పు. అప్పుడు ఇన్సూరెన్స్ కాగితం అడిగాడు. ఒక్క క్లెయిమూ లేకపోతే ఈ 2025 పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, 45 శాతం ఉండాలి. ఇందులో ఉన్నది 25, అంటే క్లెయిమ్ లేనివి చివరి రెండేళ్లే. వేళ్ల మీద వెనక్కి లెక్కేస్తే క్లెయిమ్ పడింది 2022 మే తర్వాతి ఏడాదిలో.

ఇంక అడగక్కర్లేదు. ఆ సెప్టెంబరులో బెళ్లందూరు, యెమలూరు మునిగినప్పుడు నేను ట్రాక్టరెక్కి ఆఫీసుకి పోయాను. ఖరీదైన కార్ల టాపులు మాత్రం నీళ్ల పైన కనపడుతుంటే ఫోన్లో ఫొటోలు తీసుకుని నవ్వుకున్నాం కూడా. వాటిలో ఇది ఉందేమో.

"వాషింగ్‌లో పడ్డ నీళ్లు సార్" అన్నాడు అమ్మేవాడు. భాయ్ ఏమీ అనలేదు, బెల్టు జాగ్రత్తగా వెనక్కి వదిలాడు.

నిజం రాసుకోవాలంటే, దారిలో నాకు కోపం వచ్చింది అమ్మేవాడి మీద కాదు, భాయ్ మీద. ఆ బెల్టు లాగకపోతే ఏం పోయింది? అన్నిటికీ మీటర్లు పెట్టాడు, చాలదా? వెయ్యి రూపాయలు చేతిలో పెడితే "టీకి పోదామన్నా" అన్నాడు. పని ఉందని చెప్పా. ఏ పనీ లేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. మా ఆవిడ "పోనీలెండి, ముందే తెలిసింది" అంది. ఆ మాటకీ కోపమే వచ్చింది.

సాయంత్రం పలమనేరు నుంచి నాన్న ఫోను. బండి వెడల్పు 1855 మిల్లీమీటర్లని నేను చెప్పిన రోజు నుంచీ ఆయన టేపు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమైంది రా?"

"కుదరలేదు నాన్నా. నీళ్లలో మునిగిన బండి."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మేస్త్రీకి చెప్పినాను రా, ఎడమపక్క స్తంభం కొట్టి అడుగు జరపమని. ఎల్లుండి వస్తానన్నాడు. వద్దని చెప్పేదా?"

"రానీ నాన్నా" అన్నాను.