బాగ్దాద్ ఇంటికి నాలుగు హద్దులు

నల్లగొండల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర నాకొక బల్ల, రెండు కుర్చీలు, ఒక లాప్‌టాపు, సతాయించే ప్రింటరు ఒకటి. ఇరవై ఏండ్లు దాటింది దస్తావేజులు రాయబట్టి. అమ్మినోడు నవ్వుకుంట వస్తడు, కొన్నోడు అప్పు యాదికొచ్చి మొకం వేలాడేసుకోని వస్తడు. ఇద్దరినీ కూసోబెట్టి, చాయ్ తాగిపిచ్చి, తూర్పుకు ఏముంది, పడమటికి ఏముంది అని అడుగుత. నా బతుకంత హద్దులు అడుగుడే.

అందుకనేమో బైబిల్ల కూడా నాకు బాగ నచ్చేది ఒక క్రయ దస్తావేజు. యిర్మీయా 32వ అధ్యాయం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం దిగి ఉన్నది. లోపల తిండి లేదు, తెగులు తిరుగుతున్నది. రాజు చెరసాల ఆవరణల కట్టేసినట్టు పడి ఉన్న ప్రవక్త యిర్మీయా కాడికి పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతుల నా పొలం ఉంది, విడిపించుకునే హక్కు నీదే, కొనుమంటడు. అనాతోతు యెరూషలేముకు నడిచిపోయే దూరమే. అంటే ఆ పొలం అప్పటికే శత్రు సైన్యం కాళ్ల కింద ఉన్నట్టు. అసొంటి బేరం నా బల్ల మీదికొస్తే కొనేటోడిని పక్కకు పిలిచి "నీకేమన్న పిచ్చా" అంట. యిర్మీయా 17 తులాల వెండి త్రాసుల తూచి ఇచ్చిండు. సాక్షులను పెట్టిండు, ముద్ర వేసిండు. ముద్ర వేసిన కాగితమొకటి, వేయనిదొకటి. మా ఆఫీసు భాషల ఒరిజినల్, నకలు. రెండిటిని తన రాతగాడు బారూకు చేతికిచ్చి మట్టికుండల దాచుమన్నడు, చానా రోజులు ఉండాలెనని. ఈ నేల మీద మళ్లా ఇండ్లు, పొలాలు, ద్రాక్షతోటలు కొంటరు అన్న మాటకు ఆ కాగితమే రుజువు.

ఇదే మనిషి ఇంతకు ముందు 29వ అధ్యాయంల, బబులోనుకు చెరపట్టుకపోయినోళ్లకు జాబు రాసిండు. అక్కడనే ఇండ్లు కట్టుకోండ్రి, తోటలు నాటుండ్రి, మిమ్మల్ని పట్టుకపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యుండ్రి అని. శత్రువు ఊరు బాగుండాలెనని మొక్కుమనుడు! ఈ రెండు అధ్యాయాలను మా సంఘంల ఎవలూ కలిపి చదవంగ నేను వినలే. ఇజ్రాయెల్ కాడ యుద్ధం మొదలైతే చాలు, ఇక్కడ మైకు పట్టుకునేటోళ్లకు పండుగ. ఇది ఫలానా ప్రవచనం, అది ఫలానా ముద్ర అని లెక్కలు. యూదులంటే వాళ్లకు క్యాలెండర్ల తేదీలే. ఆ మనుషులు దేనికోసం ఎదురుచూస్తున్నరో అడిగినోడు లేడు.

నాకు అడిగే అవకాశం మా చెల్లె వల్ల దొరికింది. ఆరేండ్ల నుంచి అది ఇజ్రాయెల్‌ల రమత్‌గన్ అనే ఊళ్ల కేర్‌గివర్. ఎనభై ఎనిమిదేండ్ల ముసలమ్మను చూసుకుంటది. "సవ్తా" అని పిలుస్తది, అమ్మమ్మ అన్నట్టు. సవ్తా పుట్టింది బాగ్దాద్‌ల. బైబిల్ల బబులోను అంటే ఇప్పటి ఇరాకే. ఆ చెరపోయినోళ్ల వారసులు రెండున్నర వేల ఏండ్లు ఆ గడ్డ మీదనే ఉన్నరు. 1941 జూన్ 1, 2 తారీఖులల్ల బాగ్దాద్‌ల యూదుల మీద పడి చంపిండ్రు, ఇండ్లు దోచిండ్రు. దాన్ని ఫర్హూద్ అంటరు. అప్పుడు ఆమెకు నాలుగేండ్లు. పక్కింటి హాజీ వాళ్లింట్ల బియ్యం మూటల ఎనకాల దాచిపెట్టిండట. 1950, 51లల్ల ఇరాక్ నుంచి దాదాపు లక్షా ఇరవై వేల మంది యూదులు ఇజ్రాయెల్‌కు విమానాలెక్కిండ్రు. పౌరసత్వం వదులుకున్నోళ్ల ఆస్తులను 1951 మార్చిల సర్కారు స్తంభింపజేసింది. సవ్తా అమ్మానాయినలు ఒక పెట్టెతోటి దిగి, గుడారాల క్యాంపుల ఏండ్లు గడిపిండ్రు.

1991ల ఇరాక్ స్కడ్ మిసైళ్లు కొట్టినప్పుడు కొన్ని రమత్‌గన్లనే పడ్డయి. అక్కడ ఇరాక్ నుంచి వచ్చిన యూదులు ఎక్కువ. "మా ఊరోళ్లే మా కొత్త అడ్రసు కనుక్కున్నరు" అని సవ్తా ఇప్పటికీ నవ్వుతదట.

మొన్న 2025 జూన్ 13 నుంచి పన్నెండు రోజులు ఇరాన్ మిసైళ్లు. ఇక్కడ మిరుగం దాటింది, మా ఊళ్ల పత్తి గింజలు పెడుతున్నరు, మా అమ్మ మాత్రం ఫోన్ చేతిల నుంచి దించలే. వాళ్లది పాత బిల్డింగు, ఇంట్ల సేఫ్ రూము లేదు. ముందు ఫోన్లు మోగుతయి, తర్వాత సైరన్. చెల్లె ముసలామెను వీల్‌చైర్ల నుంచి లేపి, చంకల చెయ్యేసి, కింద షెల్టర్‌కు మెట్లు దించాలె. ఇండియా సర్కారు ఆపరేషన్ సింధు పెట్టి మనోళ్లను వాపస్ తెస్తుంటే రమ్మన్న. "నేనొస్తే ఈమెను మెట్లు ఎవలు దించుతరు అన్నా?" అన్నది. నా కాడ జవాబు లేకుండె.

షెల్టర్ నుంచి వీడియో కాల్‌ల సవ్తాను చూసిన. చేతిల ఫ్లాస్కు, అండ్ల ఎండిన నిమ్మకాయతోటి చేసిన చాయ్. మన నకిరేకల్ నిమ్మకాయలను రాయి లెక్క గట్టిపడేదాక ఎండబెట్టినట్టు ఉంటయి, నల్లగ. చెల్లె మధ్యల ఉండి హీబ్రూను తెలుగు చేస్తుంటే నేను మొండిగ అడిగేసిన: ఈ దేశాలతోటి మీకు ఎప్పటికన్న పొత్తు కుదురుతదని నమ్మకమున్నదా?

ఆమె సాదాత్ పేరు చెప్పింది. 1973ల యుద్ధం చేసిన ఈజిప్టు అధ్యక్షుడు 1977 నవంబర్ 19న వాళ్ల ఎయిర్‌పోర్టుల దిగంగ టీవీల చూసి, ఎవలో ఆయన వేషం వేసుకొచ్చిండు అనుకున్నదట. 1979ల శాంతి ఒప్పందం, ఇజ్రాయెల్ పట్టుకున్న సినాయ్ నేల 1982కల్లా ఈజిప్టుకు వాపస్. ఆఖరుకు తాబా అనే చిన్న ముక్క మీద పంచాయతీ పడ్డది, 14 హద్దురాళ్లు ఎక్కడుండాలె అని. ఇదే నాకు కావాల్సిన ముచ్చట! యుద్ధం చెయ్యలే, మధ్యవర్తుల ముందర పెట్టిండ్రు. 1988ల తీర్పు ఈజిప్టు దిక్కు వచ్చింది, తర్వాతి ఏడు జాగా అప్పజెప్పిండ్రు. ఇక్కడ రెండు గజాల సందు కోసం అన్నదమ్ములు గొడ్డళ్లు తీస్తరు.

ఇదంత మంచిగనే ఉన్నది గని, ఆమె ఒక్కతి అందరి మాట కాదు. రిజర్వు డ్యూటీ చేసొచ్చిన మనవడు పక్కనుంచి "ఈమెకు పాత కాలం మత్తు" అన్నడట. గాజా వార్తలు పెడితే ఇంట్ల ఇద్దరికీ పడదు. చెల్లె ఆ తల్లులను, ఆ పిల్లలను టీవీల చూసి వంటింట్లకు పోయి ఏడుస్తది. నాకు కూడా నమ్మకం ఒక రోజు ఉంటది, ఒక రోజు ఉండదు.

ఆ వారంల చెల్లె వాట్సాప్‌ల ఒక ఫోటో పెట్టింది. బిస్కిట్ల డబ్బాల దాచిన పాత కాగితం, మడతల కాడ టేపు. బాగ్దాద్ ఇంటి సనద్, అంటే దస్తావేజు. సవ్తాకు చూపు పోయింది, ఇంట్ల మిగిలినోళ్లకు అరబ్బీ రాదు. "అన్నా, నువ్వు కాగితాలోనివి గద, చదువు" అని.

నిజాం కాలం ఉర్దూ కాగితాలు చూసీ చూసీ నాకు నాలుగు ముక్కలు అందుతయి. తారీఖ్ దొరికింది. హుదూద్ అన్నది దొరికింది, మన హద్దుకు పెద్దన్న. అంతే. మిగిలింది చదవాలంటే సాబ్ కాడికి పోవాలె.

సాబ్ నా పక్క బల్ల మీద పదిహేనేండ్లు కూసున్న మనిషి. ఉర్దూ నకళ్లకు జిల్లాల చానామంది ఆయన కాడికే వస్తరు. 2023 చలికాలంల గాజా గురించి మాట మాట పెరిగి, "ముందు మొదలుపెట్టింది ఎవలు" అని నేనొక మాట తూలిన. ఆయన ఏమనలే. తెల్లారి బల్ల తీసుకపోయి గేటు అవతల వేసుకున్నడు. అప్పటిసంది సలాం అంటె సలాం, అంతే.

ఫోన్ పట్టుకోని పోయిన. అద్దాలు తుడుచుకోని, ఫోటోను పెద్దగ చేసి, గొంతు సవరించుకోని చదివిండు. షిమాల్, జునూబ్, మన పాత కాగితాలల్ల ఉండే మాటలే. దక్షిణం, ఒక యూదు వ్యాపారి ఇల్లు. తూర్పు, బాట. పడమర, బావి ఉన్న ఖాళీ జాగా. ఉత్తరం కాడ ఆగి రెండోసారి చదివిండు: హాజీ ఇల్లు.

"పాలస్తీనోళ్లు కూడా గిట్లనే దాచుకున్నరు, 1948ల వదిలొచ్చిన ఇండ్ల కాగితాలు, తాళంచెవులు. నీకు ఎరుకేనా?" అన్నడు.

"ఎరుకే సాబ్."

"ఎరుకైతే ఆనాడు గట్ల ఎట్ల అన్నవ్?"

నేను నేల చూసిన. సాబ్ తెల్లకాగితం తీసి, మొత్తం శుభ్రంగ నకలు రాసి, కింద తెలుగుల అర్థం నన్ను రాసుకొమ్మన్నడు. పైసలు ఎంత అంటే ఎప్పుడూ తీసుకునే యాభై అన్నడు. ఇచ్చిన, తీసుకున్నడు. వద్దంటడేమోనని భయపడ్డ, వద్దంటే మధ్యల ఇంకో బాకీ పడేది. చెల్లె ఎట్లున్నదని మాత్రం రెండుసార్లు అడిగిండు.

రాత్రి చెల్లె ఆ హద్దులు సవ్తాకు హీబ్రూల చదివి వినిపించింది. ఉత్తరం అనంగనే ఆమె హాజీ భార్య పేరు చెప్పిందట. తూర్పు బాట అనంగ మాత్రం చెయ్యి అడ్డం ఊపింది. ఉత్త బాట కాదు, బాట మొదట్ల రేగుచెట్టు ఉండేది, అది రాయలేదు, రాపియ్యి అన్నది.

నేను నా వృత్తి మాటే చెప్పిన. కాగితంల తప్పుంటే నేను దిద్దొద్దు. సవరణ దస్తావేజు రాయాలె. దానికి రాసిచ్చినోళ్లు, రాయించుకున్నోళ్లు ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలె.

"ఇద్దరూ రావాల్నా అని అడుగుతున్నది" అన్నది చెల్లె.

"రావాలె."

ఫోన్ల కొంచెంసేపు ఏం వినపడలే. తర్వాత డబ్బా మూత చప్పుడు.

"అయితే మళ్లా అండ్లనే పెట్టుమంటున్నది అన్నా. తడి తగలకుండ."